బండి మనది, పానా ఎవరిది? స్పార్క్ ప్లగ్ చుట్టూ తిరుగుతున్న మరమ్మతు హక్కు ప్రశ్న

తెల్లవారి ఆరు గంటల వేళ మన ఊళ్లలో ఏ వీధిలోనైనా ఎప్పుడో ఒకప్పుడు వినిపించే శబ్దం ఇది. సెల్ఫ్ నొక్కితే ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. కిక్కు కొడితే ఒకసారి దగ్గి ఆగిపోతుంది. పాల క్యాన్లతో బయలుదేరవలసిన మనిషి, పిల్లలను బడిలో దింపి ఆఫీసుకు చేరవలసిన ఉద్యోగి, తొలి ఆర్డరు అందుకోవలసిన డెలివరీ కార్మికుడు ఆ నిమిషంలో ఒకే స్థితిలో ఉంటారు. మెకానిక్ షెడ్డు తెరిచేది తొమ్మిది గంటలకో, పదింటికో. అప్పటిదాకా ఎదురుచూడవలసిందే.

కారణాలు అనేకం ఉండవచ్చు. బ్యాటరీ నీరసించి ఉండవచ్చు, పెట్రోలులో నీరు చేరి ఉండవచ్చు. అయితే పెట్రోలు వాహనాల్లో మొదట చూడవలసిన వాటిలో ఒకటి స్పార్క్ ప్లగ్. ద్విచక్ర వాహనాల్లో వాడే మామూలు రకం ధర సాధారణంగా రెండు వందల రూపాయల లోపే. మార్చడానికి చెయ్యి తిరిగినవారికి పావుగంట చాలు. నష్టపోయేది మాత్రం ఒక పూట, ఒక్కోసారి ఒక రోజు సంపాదన. దేశంలో 2020-21లో 77 లక్షల మంది గిగ్ కార్మికులు ఉన్నారనీ, 2029-30 నాటికి ఆ సంఖ్య 2.35 కోట్లకు చేరవచ్చనీ నీతి ఆయోగ్ 2022 జూన్‌లో విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. వారిలో బండి మీద ఆధారపడి బతికేవారికి ఆ పావుగంట పని తెలిసి ఉండటం, లేకపోవడం మధ్య తేడా నేరుగా ఇంటి ఖర్చులో కనిపిస్తుంది.

ఈ చిన్న పనిని ఎవరు చేసుకోగలరు, ఏ పనిముట్లతో, ఏ సమాచారంతో అన్నది 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ పరిశీలనలో ఉన్న 'మరమ్మతు హక్కు'తో ముడిపడిన ప్రశ్న. అందుకే ముందు ఆ పనిని, తరువాత ఆ హక్కును చూద్దాం.

ప్లగ్ చేసే పని ఏమిటి?

పెట్రోలు ఇంజన్‌లో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమం సిలిండర్‌లో నొక్కుకుపోయిన క్షణంలో దాన్ని వెలిగించవలసిన నిప్పురవ్వ ప్లగ్ కొన దగ్గర పుడుతుంది. ఇగ్నిషన్ కాయిల్ పంపే వేల వోల్టుల విద్యుత్తు మధ్య ఎలక్ట్రోడ్ నుంచి పక్కనున్న వంపు ఎలక్ట్రోడ్‌కు దూకుతుంది. ఆ రెండింటి మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరు కన్నా తక్కువ. చాలా బైకుల్లో అది 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సిలిండర్‌లో నిమిషానికి 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు మంట లేవాలి. ఇన్నిసార్లు రవ్వ దూకుతున్నకొద్దీ ఎలక్ట్రోడ్ అంచులు అరిగిపోతాయి, ఖాళీ పెరుగుతుంది. రవ్వ పుట్టడానికి మరింత వోల్టేజీ కావాలి. చలి ఉదయాన, బ్యాటరీ బలహీనంగా ఉన్న వేళ ఆ వోల్టేజీ అందదు. అప్పుడే బండి మొరాయిస్తుంది, లేదా దారిలో 'మిస్సింగ్' కొడుతుంది.

డీజిల్ వాహనాల్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. అక్కడ గాలిని అధికంగా నొక్కడం వల్ల పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. కాబట్టి ట్రాక్టరు ఉన్న రైతుకు ఈ మాట వర్తించదు గానీ, పెట్రోలుతో నడిచే స్ప్రేయరు, చిన్న నీటి పంపు, జనరేటరు ఉన్న రైతుకు అక్షరాలా వర్తిస్తుంది.

పనిముట్లలో మొదటిది యజమాని పుస్తకం

ప్లగ్ మార్చడానికి బయలుదేరినవారు మొదట తెరవవలసింది టూల్ బాక్స్ కాదు, బండితోపాటు వచ్చిన యజమాని పుస్తకం. ఏ కోడ్ ఉన్న ప్లగ్ వాడాలి, ఖాళీ ఎంత ఉండాలి, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్న మూడు సంగతులు అందులో ఉంటాయి.

ప్లగ్ మీది అక్షరాలు, అంకెలు అలంకారానికి వేసినవి కావు. ఉదాహరణకు మన బైకుల్లో విరివిగా కనిపించే ఎన్‌జీకే సంస్థ కోడ్‌లో మొదటి అక్షరం మర వ్యాసాన్ని చెబుతుంది. 'సీ' అంటే 10 మిల్లీమీటర్లు, 'డీ' అంటే 12, 'బీ' అంటే 14. 'ఆర్' అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉందని అర్థం. రవ్వ పుట్టేటప్పుడు వెలువడే విద్యుత్ అలజడిని ఆ రెసిస్టర్ అణచివేస్తుంది. ఇంధన ఇంజెక్షన్‌తో, ఎలక్ట్రానిక్ నియంత్రణతో నడిచే నేటి బండ్లలో అది లేని ప్లగ్ బిగిస్తే కంట్రోల్ యూనిట్ పనికి ఆటంకం కలగవచ్చు. మధ్యలో ఉండే అంకె ప్లగ్ ఎంత త్వరగా వేడిని వదులుతుందో సూచిస్తుంది. ఎన్‌జీకేలో అంకె పెరిగినకొద్దీ ప్లగ్ 'చల్లనిది'. బాష్, ఛాంపియన్ కోడ్‌లలో ఇది తలకిందులు. అంకెల పోలిక చూసి ఒక కంపెనీ ప్లగ్‌కు బదులు మరో కంపెనీది బిగించేవారు ఇక్కడే పొరబడతారు. సరైన ప్రత్యామ్నాయం తెలుసుకోవాలంటే తయారీదారు ఇచ్చే పోలిక పట్టిక చూడాలి.

మర పొడవు కూడా ముఖ్యమే. పొడవు ఎక్కువైతే ప్లగ్ కొన పిస్టన్‌ను గానీ, వాల్వును గానీ తాకే ప్రమాదం ఉంది. తక్కువైతే సిలిండర్ హెడ్‌లో ఖాళీగా మిగిలిన మరల్లో మసి గడ్డకడుతుంది. చూడటానికి ఒకేలా ఉన్నాయన్న భరోసాతో ప్లగ్ కొనరాదనడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

ఇక అసలు పనిముట్లు. ఒకటి, సరైన కొలత గల ప్లగ్ పానా లేదా ప్లగ్ సాకెట్. 10 మిల్లీమీటర్ల మర ఉన్న చాలా బైకు ప్లగ్‌లకు 16 మిల్లీమీటర్ల పానా, 12 మిల్లీమీటర్ల వాటికి సాధారణంగా 18, పాత తరహా 14 మిల్లీమీటర్ల వాటికి 20.8 మిల్లీమీటర్ల పానా పడుతుంది. ప్లగ్‌ను లోపల పట్టి ఉంచే రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న సాకెట్ మేలు. అది లేని సాకెట్ తీసేటప్పుడు ఒరిగితే తెల్లని పింగాణీ భాగం చిట్లుతుంది. ఆ చిట్లు కంటికి కనబడకపోయినా విద్యుత్తు అటు దారి మళ్లుతుంది. రెండు, సాకెట్‌ను తిప్పే రాట్చెట్, లోతుగా ఉన్న ప్లగ్‌ను అందుకోవడానికి ఎక్స్‌టెన్షన్ కడ్డీ. మూడు, ఖాళీని కొలిచే ఫీలర్ గేజ్. నాలుగు, బిగింపును కొలిచే టార్క్ రెంచ్. చిన్న ప్లగ్‌లకు తక్కువ కొలతలు చూపే చిన్న రెంచ్ కావాలి. కారు చక్రాల నట్లకు వాడే పెద్ద రెంచ్ ఇక్కడ పనికిరాదు. ఐదు, దుమ్ము ఊదడానికి గాలి పంపు లేదా మెత్తని బ్రష్.

కటింగ్ ప్లయర్, సర్దుబాటు పానా, సుత్తి ఈ జాబితాలో లేవు. ప్లగ్ తల అంచులు గుండ్రబడిపోయి చివరకు హెడ్ విప్పవలసి వచ్చిన సందర్భాల వెనుక తరచు ఉండేవి ఇవే. ఐదారు వందల రూపాయల పనిముట్టు కొనకుండా మిగుల్చుకున్న డబ్బు కన్నా ఆ నష్టం ఎన్నో రెట్లు.

పని వరస

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ఇది చేతులు కాలకుండా చెప్పే జాగ్రత్త మాత్రమే కాదు. ప్లగ్ ఉక్కుది, ఎక్కువ ఇంజన్ల హెడ్ అల్యూమినియంది. వేడిలో రెండూ ఒకే తీరున వ్యాకోచించవు. వేడిగా ఉన్నప్పుడు బలవంతంగా విప్పితే మెత్తని అల్యూమినియం మరలే ఊడివస్తాయి.

తాళం ఆపేసి ప్లగ్ క్యాప్‌ను తీగ పట్టి కాకుండా క్యాప్ పట్టి నిదానంగా లాగాలి. విప్పడానికి ముందు ప్లగ్ చుట్టూ చేరిన దుమ్ము, ఇసుక ఊదేయాలి. లేకపోతే అదంతా సిలిండర్‌లోకి జారుతుంది. మన దారుల దుమ్ము సంగతి తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పానా తిన్నగా దిగిందో లేదో చూసుకుని ఎడమవైపుకు తిప్పాలి. కొద్దిగా కదిలి మళ్లీ బిగుసుకుంటే బలం ప్రయోగించరాదు. కాస్త తుప్పు వదిలించే నూనె వేసి, కొంతసేపు ఆగి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపాలి.

కొత్త ప్లగ్‌ను బిగించే ముందు ఖాళీ కొలవాలి. పెట్టెలోంచి తీసినదే గదా అని వదిలేయరాదు. రవాణాలో కిందపడితే ఖాళీ మూసుకుపోతుంది. గట్టి నేల మీద పడిన ప్లగ్‌ను వాడకపోవడమే మంచిది. మామూలు నికెల్ ప్లగ్‌లో పక్క ఎలక్ట్రోడ్‌ను సున్నితంగా వంచి ఖాళీని సరిచేయవచ్చు. ఇరిడియం ప్లగ్ కొన సన్నగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి దాన్ని తాకి వంచే ప్రయత్నం చేయరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇది: బిగింపు ఎప్పుడూ చేతి వేళ్లతోనే మొదలుకావాలి. మరలు కలిశాయో లేదో వేళ్లకు తెలుస్తుంది, పానాకు తెలియదు. లోతుగా ఉండి వేళ్లు అందనిచోట, ప్లగ్ తలకు అరచేతి పొడవు రబ్బరు గొట్టం తొడిగి దాంతో తిప్పడం పాత మెకానిక్కుల ఉపాయం. మర అడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది, హెడ్ చెడదు. వేళ్లతో పూర్తిగా దిగిన తరువాతే పానా వాడాలి. అల్యూమినియం హెడ్‌లో 10 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 14 మిల్లీమీటర్ల దానికి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు సాధారణ బిగింపు. పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. టార్క్ రెంచ్ లేనివారు వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ను చేతి బిగింపు తరువాత సుమారు అర చుట్టు, పాతదాన్నే తిరిగి బిగిస్తుంటే సుమారు ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పాలి. కొత్త వాషర్ నలిగి కూర్చోవడానికి ఆ అదనపు తిప్పు అవసరం, పాతది ముందే నలిగి ఉంటుంది. మరలకు గ్రీజు పూయడం కొందరి అలవాటు. దాని వల్ల మర సులువుగా జారి, తెలియకుండానే బిగింపు మోతాదు మించిపోతుంది.

రెండు ప్లగ్‌లు ఉన్న ఇంజన్లలో రెండింటినీ కలిపి మార్చాలి. బజాజ్ పల్సర్ బైకులతో మన రోడ్ల మీద ప్రాచుర్యం పొందిన ఈ జంట ప్లగ్‌ల ఏర్పాటే 2008, 2009లలో ఆ సంస్థకూ టీవీఎస్‌కూ మధ్య మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచిన పేటెంట్ వివాదానికి మూలం. మేధాసంపత్తి కేసులను ఏళ్ల తరబడి నాన్చకుండా రోజువారీ విచారణ జరపాలని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులో చెప్పింది ఆ కేసులోనే. ఒక్క ప్లగ్ అదనంగా చేర్చడం వెనుక ఎంత వ్యాపార విలువ ఉందో ఆ వివాదం చూపింది.

పాత ప్లగ్ చెప్పే సంగతులు

విప్పిన ప్లగ్‌ను వెంటనే పారేయరాదు. అది ఇంజన్ ఆరోగ్య పత్రం. కొన లేత గోధుమ రంగులో ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. పొడి నల్లని మసి పట్టి ఉంటే ఇంధనం ఎక్కువగా అందుతోందని, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందని అనుమానించాలి. నూనెతో తడిగా మెరుస్తుంటే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఇంజన్ ఆయిల్ పైకి వస్తోందని అర్థం. తెల్లగా మారి, బొబ్బలెక్కినట్టు ఉంటే ఇంజన్ మితిమీరి వేడెక్కుతోంది, లేదా తప్పు రకం ప్లగ్ బిగించారు. ఈ చివరి రెండు స్థితుల్లో కొత్త ప్లగ్ బిగించినా రోగం తగ్గదు. అక్కడ ఇంటి పని ముగిసి, మెకానిక్ పని మొదలవుతుంది.

పాత ప్లగ్‌ను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించడం మనకు తరతరాల అలవాటు. దారి మధ్యలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది, శాశ్వత పరిష్కారం కాదు. గరుకు కాగితం రేణువులు ఇంజన్‌లోకి చేరవచ్చు. ఇనుప బ్రష్‌తో రుద్దితే పింగాణీ మీద మిగిలే లోహపు గీతల గుండా విద్యుత్తు జారిపోతుంది. ఎలక్ట్రోడ్ అంచు ఒకసారి గుండ్రబడ్డాక ఎంత రుద్దినా కొత్త పదును రాదు.

ఈ20 పెట్రోలు, మైలేజీ, ప్లగ్

ఇటీవలి కాలంలో ప్లగ్‌ల ప్రస్తావన మరో కారణంగానూ పెరిగింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. 2025 నాటికి దేశంలో చాలాచోట్ల అదే మామూలు పెట్రోలు అయింది. మైలేజీ తగ్గిందని, బండి మునుపటిలా నడవడం లేదని వాహనదారులు సామాజిక మాధ్యమాల్లో పెద్ద ఎత్తున ఫిర్యాదు చేశారు. ఈ10 కోసం తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతా వాటిలో 3 నుంచి 6 శాతం మైలేజీ తగ్గవచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో వివరణ ఇచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని కోరిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరు 1న కొట్టివేసింది.

ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ కాబట్టి కొంత తగ్గుదల భౌతికశాస్త్రం చెప్పేదే. అయితే తగ్గుదల పది, పదిహేను శాతం దాకా ఉంటే నెపం మొత్తం ఇంధనం మీద నెట్టకముందు అరిగిన ప్లగ్, మూసుకుపోయిన ఫిల్టరు, గాలి తగ్గిన టైర్లు చూసుకోవాలి. ఈ మూడూ ఇంటి దగ్గర చూసుకోగలిగినవే. పౌరుడు తన బండి స్థితిని తాను పరీక్షించుకోగలిగితే ప్రభుత్వ విధానం మీద అతడు చేసే ఫిర్యాదుకూ బలం వస్తుంది. ఏది ఇంధనం దోషమో, ఏది నిర్వహణ లోపమో విడదీసి చెప్పగలుగుతాడు.

చట్టం ఎక్కడుంది?

వాహన మరమ్మతుపై దేశంలో వెలువడిన అత్యంత ముఖ్యమైన తీర్పు పదేళ్ల కిందటిది. విడిభాగాలను, మరమ్మతు పుస్తకాలను, లోపాలు పట్టే పరికరాలను స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా చేశాయంటూ 14 కార్ల తయారీ సంస్థలపై కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. బయటి మెకానిక్ చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు చెల్లదని, తప్పుడు మరమ్మతు వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చని అందులో స్పష్టం చేసింది. జరిమానా లెక్కింపుపైనా, ఇతర అంశాలపైనా కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ట్రిబ్యునల్, న్యాయస్థానాల మెట్ల మీద ఏళ్లు గడిచాయి. ఆ ఉత్తర్వులోని సూత్రం మాత్రం సామాన్య వాహనదారుడి దాకా చేరలేదు. ఈ రోజుకూ ఎక్కువమంది 'బయట ముట్టుకుంటే వారంటీ పోతుంది' అన్న మాటనే శాసనంగా నమ్ముతున్నారు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీని నియమించి నాలుగు రంగాలను గుర్తించింది: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు-వాహన పరికరాలు. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కంపెనీల మరమ్మతు సమాచారాన్ని ఒకచోట చేర్చే పోర్టల్ ప్రారంభమైంది. తరువాత ఒక వస్తువును బాగుచేసుకోవడం ఎంత సులువో మార్కులతో చెప్పే 'మరమ్మతు సూచిక'పై ఏర్పాటైన కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. విప్పడం ఎంత సులువు, మరమ్మతు సమాచారం దొరుకుతుందా, విడిభాగాలు సకాలంలో అందుతాయా అన్న వాటితోపాటు పనిముట్లు, బిగింపు మరల రకాలు కూడా ఆ సూచికలో కొలబద్దలుగా ఉన్నాయి. ప్రత్యేక పానా లేనిదే విప్పలేని వస్తువు కొన్నవాడి సొంతం పూర్తిగా కాలేదన్న సత్యాన్ని ఒక ప్రభుత్వ కమిటీ గుర్తించడం చిన్న విషయం కాదు. కానీ సూచికలో తొలి ప్రాధాన్యం ఫోన్లకు, ట్యాబ్లెట్లకు దక్కింది. నాలుగు రంగాల్లో ఒకటిగా గుర్తించిన వాహనాలు ఇంకా వరసలో వెనుకనే ఉన్నాయి.

ఆస్ట్రేలియా ఇందుకు భిన్నంగా వాహనాలతోనే మొదలుపెట్టింది. కార్ల తయారీ సంస్థలు తమ అధీకృత డీలర్లకు ఇచ్చే మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర గ్యారేజీలకూ న్యాయమైన ధరకు అమ్మాలన్న చట్టం అక్కడ 2022 జూలై 1 నుంచి అమలులో ఉంది.

మెకానిక్‌కు పోటీయా, తోడా?

ఇంటి దగ్గర మరమ్మతు అనగానే వచ్చే అభ్యంతరాలు రెండు. మొదటిది, వీధి మెకానిక్ పొట్ట కొట్టినట్టవుతుందన్నది. విజయవాడ ఆటోనగర్ నుంచి హైదరాబాద్ రాణిగంజ్ దాకా, చెన్నై పుదుపేట నుంచి ఢిల్లీ కశ్మీరీ గేట్ దాకా విడిభాగాల మీద, మరమ్మతుల మీద బతికే కుటుంబాలు లెక్కకు మించి ఉన్నాయి. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోరాదు. అయితే మెకానిక్ జీవనానికి అసలు ముప్పు ప్లగ్ మార్చుకునే యజమాని వల్ల రావడం లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక బైకుల్లోనూ కార్బురేటర్ స్థానంలో ఇంధన ఇంజెక్షన్, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ చేరాయి. గాలి కాలుష్యం తగ్గడానికి ఆ మార్పు అవసరమే. కానీ చెవితో విని లోపం పట్టే మెకానిక్‌కు ఇప్పుడు స్కానర్ కావాలి, కోడ్‌ల అర్థం కావాలి. అవి కంపెనీ సర్వీసు కేంద్రం దాటి బయటకు రాకపోతే షెడ్డు మూతపడుతుంది. మరమ్మతు సమాచారం బహిరంగంగా ఉండాలన్న కోరికలో ఇంటి యజమాని, వీధి మెకానిక్ ఒకే పక్షం.

రెండో అభ్యంతరం భద్రతది. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్ బ్యాగుల వంటివి తెలియనివారు ముట్టుకోరాదన్నది నిజం. ప్లగ్ విషయంలోనూ హద్దులున్నాయి. కాయిల్ నుంచి వచ్చే వోల్టేజీ ప్రమాదకరం. ప్లగ్‌ను ఇంజన్‌కు ఆనించి కిక్కు కొట్టి రవ్వ చూసే పాత పద్ధతి ఇంజెక్షన్ బండ్లలో మనిషికీ, కంట్రోల్ యూనిట్‌కూ మంచిది కాదు. చాలా స్కూటర్లలో, కొన్ని కార్లలో ప్లగ్ చేరుకోవడానికే సగం బండి విప్పాలి. అక్కడ మెకానిక్‌కు అప్పగించడమే వివేకం. కానీ భద్రత పేరుతో అన్ని తలుపులూ మూయడం వేరు, ఏ తలుపు ఎవరు తెరవవచ్చో స్పష్టంగా రాసి పెట్టడం వేరు. రెండోదే చట్టం చేయవలసిన పని.

నకిలీ విడిభాగాల బెడద ఈ చర్చలో విడదీయరానిది. వాహన విడిభాగాలన్నిటిపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఏకరీతిగా 18 శాతం అయింది. అంతకుముందు అనేక భాగాలపై అది 28 శాతం. పన్ను తగ్గితే బిల్లు లేని సరుకు మీద ఆకర్షణ కొంత తగ్గాలి. అయినా కొనుగోలుదారు జాగ్రత్త పడవలసిందే. ముద్రణ అలికినట్టు ఉండటం, పింగాణీ మీది అక్షరాలు గోటికి చెరిగిపోవడం, వాషర్ వదులుగా జారిపోవడం, మధ్య ఎలక్ట్రోడ్ పక్కకు ఒరిగి ఉండటం నకిలీ లక్షణాలు. ధర నమ్మశక్యం కానంత తక్కువగా ఉంటే నమ్మకపోవడమే మేలు. బిల్లు తీసుకుంటే ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది.

పొరుగు దేశాల పాఠం, రేపటి ప్రశ్న

విదేశీ మారక ద్రవ్యం కొరతతో శ్రీలంక 2020లో వాహనాల దిగుమతిని నిలిపివేసింది. ప్రైవేటు వాహనాలకు ఆ తలుపు తిరిగి తెరుచుకున్నది 2025 ఫిబ్రవరిలో. దాదాపు ఐదేళ్లపాటు ఆ దేశ ప్రజలు ఉన్న బండ్లనే బాగుచేసుకుంటూ గడిపారు. అక్కడి వీధుల్లో తిరిగే ఆటోల్లో, నేపాల్, బంగ్లాదేశ్ రోడ్ల మీది బైకుల్లో భారతీయ కంపెనీలవి గణనీయం. కనుక మరమ్మతు సమాచారంపై భారత్ తీసుకునే నిర్ణయం మన సరిహద్దుల వద్ద ఆగదు. కొత్తది కొనడం అసాధ్యమైన కాలంలో పాతదాన్ని బాగుచేసే నైపుణ్యమే ఒక సమాజాన్ని నడిపిస్తుందని ఆ ఐదేళ్లు చూపాయి.

విద్యుత్ వాహనాలు వస్తున్నాయి గదా, ఇక ప్లగ్ గొడవ ఎందుకని అడగవచ్చు. నిజమే, వాటిలో ప్లగ్ ఉండదు. మార్చుకోగలిగిన మరెన్నో భాగాలూ ఉండవు. వాటి గుండెకాయ అయిన బ్యాటరీ ప్యాక్, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ తయారీదారు చేతిలోనే ఉంటాయి. పెట్రోలు బండి విషయంలో ఇప్పుడు ఖరారు కాని హక్కు, విద్యుత్ బండి విషయంలో తరువాత అడిగితే దొరకడం మరింత కష్టం.

ఒకప్పుడు బండి కొంటే సీటు కింద చిన్న సంచిలో రెండు మూడు పానాలు, ఒక స్క్రూడ్రైవర్, ఒక ప్లగ్ పానా వచ్చేవి. ఇది మీది, మీరు విప్పి చూసుకోవచ్చని తయారీదారు మాటల్లేకుండా ఇచ్చిన అనుమతి అది. వాహనాలకూ మరమ్మతు సూచిక వర్తింపజేయడం, యజమాని పుస్తకాల్లో ప్లగ్ కోడ్, ఖాళీ, బిగింపు వివరాలను ప్రాంతీయ భాషల్లో తప్పనిసరి చేయడం, వారంటీపై 2014 నాటి సూత్రాన్ని ద్విచక్ర వాహనాలకూ వర్తించేలా నిబంధనగా మార్చడం ప్రభుత్వం చేయగల పనులు. ఖజానాకు వాటి భారం స్వల్పం. అవి జరిగేలోగా వాహనదారులు చేయగలిగింది కూడా ఉంది. ఈ సెలవు రోజున యజమాని పుస్తకం తెరిచి, తమ బండికి ఏ ప్లగ్, ఏ నంబరు పానా కావాలో చూసి రాసిపెట్టుకోవడం. ఉదయం ఆరింటికి బండి మొరాయించిన రోజున ఆ ఒక్క కాగితం విలువ తెలుస్తుంది.